సైనస్‌కు ఎంజైమ్‌లు వాడి చూద్దామనుకుంటే: ఏది ముందు, ఏది తర్వాత

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డు పక్కగా బండి మీద వెళ్ళేవాళ్ళు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. ఆ ఘాటు గొంతులోకి దిగుతుంది, తుమ్ములు వరస కడతాయి. మామూలు మనిషికి యార్డు దాటి కాస్త దూరం వెళ్ళగానే సర్దుకుంటుంది. సైనస్ ఉన్నవాళ్ళకు మాత్రం ఆ రాత్రి ముక్కు మూసుకుపోతుంది, తెల్లారేసరికి నుదురు, బుగ్గలు రాయి పెట్టినట్టు బరువెక్కుతాయి. పదకొండేళ్ళుగా నాకు ఇదే అనుభవం. యార్డుకు రోజూ సరుకు తెచ్చేవాళ్ళలో, అక్కడ కాయలు ఏరే ఆడవాళ్ళలో ఇంకా చాలామందికి ఇదే బాధ అని తెలుసు.

ఈ మధ్య బంధువుల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "పైనాపిల్ తినండి, ఎంజైమ్ బిళ్ళలు వేసుకోండి, సైనస్ కరిగిపోతుంది." అందులో కొంత నిజముంది. కొంత ఆశ. ఎంజైమ్‌లు వాడి చూడాలనుకుంటే ఏ వరసలో చూడాలో, ఎక్కడ ఆగాలో నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. ఎంజైమ్ అనేది తోడు వచ్చే మనిషి లాంటిది. అసలు పని చేసేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ పని జరగకుండా తోడు ఒక్కటే వస్తే ఏమీ కాదు.

1. మీది నిజంగా పాత సైనసేనా?

జలుబు వారం పది రోజుల్లో పోతుంది. ముక్కు దిబ్బడ, వెనక నుంచి గొంతులోకి గళ్ళ జారడం, మొహంలో బరువు, వాసన తెలియకపోవడం... వీటిలో కనీసం రెండు 12 వారాలు దాటి ఉంటే అప్పుడు దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. ఆ రెంటిలో ఒకటి దిబ్బడగానీ చీమిడిగానీ అయి ఉండాలి. ఒక్క తలనొప్పి మాత్రమే ఉండి ముక్కు శుభ్రంగా ఉంటే అది మైగ్రేన్ కావచ్చు. మన దగ్గర మైగ్రేన్‌ను సైనస్ అనుకుని ఏళ్ళ తరబడి ఆవిరి పట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అందుకే ముందు ఒక్కసారి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. విజయవాడలోగానీ గుంటూరులోగానీ దీనికి దూరం వెళ్ళనక్కర్లేదు, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది. సన్నటి గొట్టంతో ముక్కు లోపల చూస్తారు, అవసరమైతే సీటీ స్కాన్ రాస్తారు. మధ్య ఎముక వంకర ఉందా, పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండ ముద్దలు) ఉన్నాయా, ఫంగస్ ఉందా అన్నది తేలిపోతుంది. మన కోస్తా లాంటి వేడి, తేమ ఉన్న చోట్ల ఎలర్జీతో కూడిన ఫంగస్ సైనస్ ఎక్కువగా కనబడుతుంది. పాలిప్స్‌ను గానీ, ఫంగస్ ముద్దను గానీ ఏ పండూ కరిగించదు.

ఇంకొక సంగతి. ఒక్క పక్కే నొప్పి, ఒక్క పక్కే దుర్వాసన వచ్చే చీమిడి ఉంటే పై దవడ పళ్ళు చూపించుకోండి. పై దవడలో వెనక పళ్ళ వేళ్ళు బుగ్గ సైనస్ అడుగును ఆనుకుని ఉంటాయి. పన్ను పుచ్చితే చీము అటు ఎక్కుతుంది. అప్పుడు ముక్కుకు ఎన్ని మందులు వాడినా పన్ను సంగతి తేలేదాకా తగ్గదు.

ఇవి కనబడితే ఇంట్లో ప్రయోగాలేవీ చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి: కంటి చుట్టూ వాపు, వస్తువులు రెండుగా కనబడటం, జ్వరంతో భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, ముక్కులోంచి నల్లటి పొక్కు రావడం. షుగర్ ఉన్నవాళ్ళు ఆ చివరిది అస్సలు తేలిగ్గా తీసుకోకండి. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ ఎంతమందిని కబళించిందో మనకు గుర్తుంది.

2. ముక్కు కడగడం నేర్చుకోండి

ఇన్ని మందుల్లో, చిట్కాల్లో నాకు రోజూ తేడా చూపించింది ఇదే. పాత సైనస్‌కు డాక్టర్లు మొట్టమొదట చెప్పేదీ ఇదే. మన పెద్దవాళ్ళు జలనేతి అన్నారు. ఇప్పుడు మందుల షాపుల్లో మెత్తటి సీసాలు, నీళ్ళలో కలిపే ఉప్పు పొట్లాలు దొరుకుతున్నాయి. పొట్లం లేకపోతే ఇంట్లోనే కలుపుకోవచ్చు.

అర లీటరు నీళ్ళు పొయ్యి మీద పెట్టి, బుడబుడా పొంగాక ఇంకో నిమిషం ఉంచి దించండి. గోరువెచ్చగా అయ్యేదాకా మూత పెట్టి ఉంచండి. అందులో ముప్పావు చిన్న చెంచా ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. ఉప్పు సుమారు నాలుగున్నర గ్రాములు పడాలి. మన రక్తంలో ఉండే ఉప్పదనానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మండదు. మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా మండుతుంది. ఉత్త నీళ్ళు ముక్కులోకి పోయినప్పుడు ఎలా ఉంటుందో కృష్ణలో మునిగినవాళ్ళకు తెలుసు.

వాష్‌బేసిన్ ముందు నడుము వంచి, తల ముందుకు దించి కొద్దిగా పక్కకు తిప్పండి. నోరు తెరిచి నోటితోనే గాలి పీల్చండి. పై ముక్కు రంధ్రంలో సీసా మూతి ఆనించి మెల్లగా నొక్కండి. నీళ్ళు అటు నుంచి ఎక్కి ఇటు నుంచి కారతాయి. మొదటిరోజు భయం వేస్తుంది, చెవిలోకి పోతున్నట్టు ఉంటుంది. అలా అనిపిస్తే తల ఇంకొంచెం కిందికి దించి, నొక్కడం తగ్గించండి. మూడో రోజుకు చెయ్యి తిరుగుతుంది. నాకు మొదటి వారంలో తీగలా సాగే పసుపు గళ్ళ బయటికి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పోపులో ఇంగువ వాసన తగిలింది. ఎన్ని నెలల తర్వాతో.

కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు మరగబెట్టకుండా ముక్కులో పోయకండి. ఆర్వో నీళ్ళయినా మరగబెట్టాల్సిందే. నీటిలో ఉండే నెగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు ఎక్కితే బతకడం చాలా కష్టం. 2024, 2025లలో కేరళలో మెదడుకు పాకే అమీబా జబ్బులతో ప్రాణాలు పోయిన వార్తలు మనం చదివాం. సీసాను వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

3. స్ప్రే సంగతి

మొమెటసోన్, ఫ్లూటికసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే డాక్టర్ రాస్తే "స్టెరాయిడ్" అన్న మాటకు భయపడి పక్కన పెట్టకండి. ముక్కులో కొట్టేది చాలా కొద్ది మోతాదు, ఒంట్లోకి వెళ్ళేది మరీ తక్కువ. కడిగిన తర్వాత పావుగంట ఆగి కొట్టండి. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొట్టాలి, మూతి చెవి వైపు చూడాలి. మధ్య గోడకు కొడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చకండి, మందంతా గొంతులోకి పోతుంది. గుణం తెలియడానికి రెండు వారాలు పైనే పడుతుంది, రెండు రోజులు చూసి మానేసేవాళ్ళే ఎక్కువ.

దీన్నీ దిబ్బడ చుక్కలనూ ఒకటిగా అనుకోకండి. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, హాయిగా ఉంటుంది. వరసగా నాలుగైదు రోజులు దాటితే ముక్కు ఆ చుక్కలకే అలవాటు పడి, వేయకపోతే ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. ఒక షాపులో అడగ్గానే ఇచ్చారని నాలుగు నెలలు వాడాను. రాత్రి రెండింటికి లేచి చుక్కలు వెతుక్కునే పరిస్థితి వచ్చింది. మాన్పించడానికి డాక్టర్‌కు మూడు వారాలు పట్టింది. ఆ బాధ ఇంకెవరికీ వద్దు.

4. ఇప్పుడు ఎంజైమ్‌లు: అవి ఏం చేస్తాయి?

పై రెండూ కనీసం నెల రోజులు సరిగ్గా చేశాక ఇక్కడికి రండి.

ఎంజైమ్ అంటే ఒక పనిని వేగంగా జరిపించే ప్రోటీన్. మనం మాట్లాడుకునేవి ప్రోటీన్‌ను ముక్కలు చేసే రకం. మటన్ తొందరగా ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు కదా, అదే పని. బొప్పాయి పాలల్లో ఉండే పపైన్ మాంసాన్ని మెత్తబరుస్తుంది. సైనస్‌లో చిక్కటి గళ్ళ, వాపు దగ్గర పేరుకునే ఫైబ్రిన్ కూడా ప్రోటీన్‌లే కాబట్టి వాటినీ పలుచన చేస్తుందని ఆలోచన. ఆలోచన బాగుంది. అయితే కూర గిన్నెలో పచ్చి బొప్పాయి నేరుగా మాంసానికి తగులుతుంది, మనం మింగిన బిళ్ళ మాత్రం కడుపు దాటి, రక్తంలో కలిసి, ముక్కు దాకా చేరాలి. దారిలోనే చాలా వరకు అరిగిపోతుంది. కొద్ది భాగమే రక్తంలోకి వెళుతుంది.

మన షాపుల్లో దొరికేవి ముఖ్యంగా నాలుగు.

బ్రోమెలైన్ పైనాపిల్‌ది. సైనస్ విషయంలో అంతో ఇంతో ఆధారం ఉన్నది దీనికే. జర్మనీలో 2005లో 116 మంది పిల్లల మీద చూసినప్పుడు, కొత్తగా వచ్చిన సైనసైటిస్‌లో బ్రోమెలైన్ ఒక్కటే వాడిన పిల్లలు మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళ కంటే కొంచెం ముందు కోలుకున్నారు. కానీ ఎవరికి ఏ మందు ఇస్తున్నారో అందరికీ తెలిసే చేసిన పరిశీలన అది, పైగా కొత్త జబ్బు మీద. పాత సైనస్ మీద జరిగిన పరిశీలనలు చాలా చిన్నవి. అందుకే నేను దీన్ని "ఉపయోగపడవచ్చు" అంటాను, "తగ్గిస్తుంది" అనను.

సెరాషియోపెప్టిడేజ్ జపాన్‌లో పట్టుపురుగు పేగుల్లో దొరికిన బ్యాక్టీరియా నుంచి వచ్చింది. మన దగ్గర పంటి నొప్పికి, వాపులకు రాసే బిళ్ళల్లో నొప్పి మందుతో కలిపి ఇది ఉంటుంది. దీన్ని దశాబ్దాల పాటు అమ్మిన తకెడా కంపెనీయే 2011లో జపాన్ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పరీక్షించి చూస్తే ఉత్తుత్తి బిళ్ళ కంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదు. సైనస్ కోసం దీని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

ట్రిప్సిన్-కైమోట్రిప్సిన్ బిళ్ళలు ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి రాస్తుంటారు. ఇవి జంతువుల క్లోమగ్రంథి నుంచి తీసేవి. శాకాహారులు అడిగి తెలుసుకోండి, చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

పపైన్ బిళ్ళలు ఎక్కువగా అరుగుదలకే పనికొస్తాయి.

5. పండా, బిళ్ళా?

పైనాపిల్‌లో బ్రోమెలైన్ ఎక్కువగా ఉండేది మొక్క కాండంలో. పండులో మనం తీసి పారేసే మధ్య మోడులోనూ ఉంటుంది. బిళ్ళలు తయారుచేసేది కూడా కాండం నుంచే. కాబట్టి పండు తింటే బిళ్ళతో సమానమైన మోతాదు రాదు. అయినా పండు మంచిదే, తినండి. మోడును పారేయకుండా సన్నగా చెక్కి నమిలితే నాలుక చివర చిరచిరలాడుతుంది. ఆ చిరచిరలో ఈ ఎంజైమ్‌కూ వాటా ఉంది. అందుకే నోటిపూత ఉన్న రోజుల్లో జోలికి పోకండి.

వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. దీన్ని మీ వంటింట్లోనే చూడొచ్చు. రెండు గిన్నెల్లో కాచి చల్లార్చిన పాలు పోయండి. ఒక దాంట్లో పచ్చి పైనాపిల్ ముక్కలు, ఇంకో దాంట్లో బాగా ఉడికించి చల్లార్చిన ముక్కలు వేసి కాసేపు ఉంచి రుచి చూడండి. మొదటి గిన్నెలో పాలు చేదెక్కుతాయి, ఎంజైమ్ పాలల్లోని ప్రోటీన్‌ను ముక్కలు చేయడం వల్ల వచ్చే చేదు అది. రెండో దాంట్లో పులుపు తప్ప ఆ చేదు ఉండదు. డబ్బాలో వచ్చే పైనాపిల్ ముక్కలు, పైనాపిల్ కేసరి, జామ్, వీటన్నిటిలో రుచి ఉంటుంది, బ్రోమెలైన్ ఉండదు. బొప్పాయిలోనూ అంతే: పపైన్ ఉండేది పచ్చికాయ పాలల్లో, బాగా పండిన పండులో చాలా తక్కువ.

బిళ్ళ కొనేటప్పుడు మిల్లీగ్రాములు మాత్రమే చూడకండి. ఎంజైమ్ బలాన్ని యూనిట్లలో చెబుతారు. బ్రోమెలైన్ అయితే జీడీయూ (ప్రోటీన్‌ను ఎంతగా అరిగిస్తుందో చెప్పే కొలత) అన్న అంకె డబ్బా మీద ఉండాలి. ఆహార సప్లిమెంట్ అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. మే నెల ఎండలో విజయవాడ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బిళ్ళల డబ్బాను బండి డిక్కీలో, కిటికీ దగ్గర వదిలేస్తే పైనాపిల్ ఉడికించినట్టే. చల్లగా, పొడిగా ఉన్న చోట పెట్టండి.

వాపు కోసమైతే భోజనానికి గంట ముందుగానీ, తిన్న రెండు గంటల తర్వాతగానీ వేసుకోమంటారు. అన్నంతో కలిపి వేసుకుంటే అది అన్నంలో పప్పును అరిగించే పనిలో పడుతుంది. డబ్బా మీద రాసిన మోతాదు దాటకండి. కడుపులో మంట, విరేచనాలు మొదలైతే ఆపేయండి.

6. ఎవరు అసలు వేసుకోకూడదు

ఇది జాగ్రత్తగా చదవండి. మన ఇళ్ళల్లో స్టెంట్ వేయించుకున్న పెద్దవాళ్ళు ఉంటారు. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్ళకు ఈ ఎంజైమ్‌లు తోడైతే రక్తస్రావం ప్రమాదం పెరగొచ్చు. "పండు నుంచి తీసిందే కదా" అని మామయ్యగారికో, నాన్నగారికో ఇచ్చేయకండి. గుండె డాక్టర్‌ను అడగండి.

పైనాపిల్, బొప్పాయి పడనివాళ్ళు, రబ్బరు తొడుగులు వేసుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్ళు దూరంగా ఉండాలి. రబ్బరు పాలు పడనివాళ్ళకు బొప్పాయి లాంటి పండ్లు కూడా పడకపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు. పిల్లలకు సొంతంగా ఇవ్వొద్దు. కడుపులో పుండ్లు ఉన్నవాళ్ళు వద్దు. అమోక్సిసిలిన్, టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతున్నట్టయితే డాక్టర్‌కు చెప్పండి, బ్రోమెలైన్ వాటిని రక్తంలోకి ఎక్కువగా చేరేలా చేయవచ్చు. పన్ను పీకించుకోవడంతో సహా ఏ ఆపరేషన్ ఉన్నా రెండు వారాల ముందే ఆపేయాలి.

7. ఎనిమిది వారాలు, ఒక నోట్‌బుక్

ఎంజైమ్ మొదలుపెట్టే ముందు రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి. రోజూ పడుకునే ముందు ఐదు విషయాలకు 0 నుంచి 5 దాకా మార్కులు: దిబ్బడ, గొంతులోకి గళ్ళ, మొహంలో బరువు, వాసన, నిద్ర. బాధ లేకపోతే 0, భరించలేకపోతే 5. డాక్టర్లు వాడే స్నాట్-22 అనే ప్రశ్నల పట్టీ కూడా ఇలాంటిదే, 22 ప్రశ్నలకు మొత్తం 110 మార్కులు. అందులో సుమారు 9 మార్కులు తగ్గితేనే మనిషికి నిజంగా తేడా తెలిసినట్టు లెక్క.

వాసనకు నేను ఇంగువ డబ్బా వాడతాను. కళ్ళు మూసుకుని డబ్బాను గడ్డం దగ్గర నుంచి మెల్లగా పైకి తెస్తాను. ఎక్కడ వాసన తగిలిందో రాస్తాను: గడ్డం దగ్గరా, పెదవి దగ్గరా, ముక్కుకు ఆనించినా తెలియలేదా. పక్కన ఆ రోజు ఎక్కడ తిరిగానో కూడా రాస్తాను. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో గంటసేపు ఉన్న రోజు, గడ్డి తగలబెట్టిన పొగలోంచి వచ్చిన రోజు, ఇంట్లో బూజు దులిపిన రోజు మార్కులు ఎలా ఉంటాయో మీకే అర్థమవుతుంది. కొంతమందికి ఆ పుస్తకంలోనే అసలు కారణం దొరుకుతుంది, ఏ బిళ్ళా అక్కర్లేకుండా.

తర్వాత ఒకే ఒక్క ఎంజైమ్ మొదలుపెట్టండి. అదే వారంలో పసుపు పాలు, కొత్త కషాయం, ఇంకో బిళ్ళ మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. కడగడం, స్ప్రే మాత్రం మామూలుగా సాగాలి. ఆరు వారాలు గడిచాక పాత మార్కులతో పోల్చండి. తేడా ఉంటే రెండు వారాలు ఆపి చూడండి, మళ్ళీ పెరిగితే అది మీకు పనికొస్తున్నట్టే. తేడా లేకపోతే డబ్బాలో ఇంకా బిళ్ళలు మిగిలాయని కొనసాగించకండి.

నా పుస్తకంలో బ్రోమెలైన్ వాడిన ఆరు వారాల్లో గొంతులోకి జారే గళ్ళ కొంత పలుచబడింది, మొహంలో బరువు మాత్రం అలాగే ఉంది. అదే ఏడాది ముక్కు కడగడం పది రోజులు మానేసినప్పుడు అన్ని మార్కులూ ఎగిశాయి. మీ పుస్తకం ఇంకోలా చెప్పొచ్చు.

8. మన ఊళ్ళకు తగ్గట్టు

యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ళకు రుమాలు చాలదు. సన్నటి మిర్చి దుమ్ము గుడ్డలోంచి లోపలికి వచ్చేస్తుంది. మొహానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఇంటికి రాగానే స్నానానికి ముందు ముక్కు కడగండి. అదే దుమ్ము దిండుకు అంటితే రాత్రంతా పీలుస్తూనే ఉంటారు. పని బట్టలు పడకగదిలోకి తీసుకురాకండి.

స్ప్రేకు గుణం రావడానికి రెండు వారాలు పైన పడుతుందని చెప్పాను కదా. సరుకు జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి కాబట్టి, ఏటా ఆ రోజుల్లో ఎక్కువయ్యేవాళ్ళు సంక్రాంతి అయ్యీ కాగానే డాక్టర్‌ను కలిసి స్ప్రే మొదలుపెట్టండి. అప్పుడు నోట్‌బుక్ కూడా తీసుకెళ్ళండి, పాత సీటీ స్కాన్ ఫిల్మ్‌తో పాటు. ఎంజైమ్ బిళ్ళ వేసుకుంటుంటే ఆ డబ్బాను కూడా సంచిలో వేసుకుని వెళ్ళి చూపించండి.